పెద్ద దవాఖానలో మనసు డాక్టర్ ఓపీ: ఐదుకు మూడున్నర

హోటళ్లకు, మిక్సీలకు, ఆఖరికి ఫంక్షన్ హాళ్లలో చేతులు కడుక్కునే నల్లాలకు కూడా రివ్యూలు రాసేవాళ్లున్నారు గానీ సర్కారు దవాఖానలో మనసు డాక్టర్ ఓపీకి ఎవరూ రాయరు. రాస్తే నువ్వు అక్కడికి పోయినట్టు తెలిసిపోతుంది కదా. నేను పోయాను, ఏడాదిన్నరగా పోతూనే ఉన్నాను, అందుకని రాస్తున్నా. ఏ ఊరి దవాఖానో చెప్పను. ఉమ్మడి నల్లగొండ జిల్లాలోది అనుకోండి, చాలు. ఇందులో తిట్లు కూడా ఉన్నాయి, పైగా నాకు హెచ్ఐవీ ఉంది, 2014 నుంచి మందులు వాడుతున్నాను, ఈ సంగతి నా భార్యకు తప్ప మా ఊళ్లో ఎవరికీ తెలియదు. మా అమ్మకు కూడా.

ముందు మార్కులు చెప్పేస్తా, చివరిదాకా చదివే ఓపిక అందరికీ ఉండదు. డాక్టర్‌కు ఐదుకు ఐదు. వసతులకు రెండు. అటెండర్‌కు ఒకటి, అది కూడా పోయిన నెల కూర్చోవడానికి స్టూలు జరిపాడని. మొత్తం మీద మూడున్నర.

నాది డీసీఎం వ్యాన్. బత్తాయి సీజన్‌లో సాయంత్రం తోటల దగ్గర కాయ ఎత్తుకుని, రాత్రి బయలుదేరి, నార్కట్‌పల్లి చౌటుప్పల్ మీదుగా తెల్లారకముందే బాటసింగారం పండ్ల మార్కెట్‌లో దించాలి. సీజన్ లేనప్పుడు సిమెంటో దాణానో ఏది దొరికితే అది. రాత్రి బండి నడిపేవాడు నిద్ర పట్టడం లేదంటే ఎవరూ నమ్మరు, "పగలు పండుకోరాదురా" అంటారు. పగలు పండుకునేవాణ్ణి. కళ్లు మూసుకునేవి, లోపల ఇంజన్ మాత్రం ఆగేది కాదు.

ఈ నిద్ర గోల నాకు మందుల మొదటి రోజు నుంచీ ఉంది. 2014లో నాకిచ్చింది టీఎల్ఈ, అంటే టెనోఫోవిర్, లామివుడిన్, ఎఫావిరెంజ్ మూడూ కలిపిన ఒక్క మాత్ర. ఇందులో ఎఫావిరెంజ్ అనేది తలకెక్కే రకం. తూలు వస్తుంది, కలలు సినిమాల్లాగా వస్తాయి, కొందరికి దిగులు కూడా పట్టుకుంటుంది. అందుకే పడుకునే ముందు వేసుకోమంటారు, నూనె, కొవ్వు బాగా తిన్న కడుపు మీద వేసుకోవద్దంటారు, ఎందుకంటే కొవ్వుతో కలిస్తే మందు ఒంట్లోకి ఇంకా ఎక్కువ ఎక్కుతుంది. నాకు ఆ రెండో ముక్క ఎవరూ చెప్పలేదో, చెప్పినా ఆ రోజు నా చెవులు పనిచేయలేదో తెలియదు. లోడ్ లేని రోజు ధాబాలో మటన్ తిని మాత్ర వేసుకుని పడుకునేవాణ్ణి. ఒక కల ఇప్పటికీ గుర్తుంది: వ్యాన్ వెనక తలుపు తీస్తే లోపల బత్తాయిలన్నీ మా అమ్మ గొంతుతో నన్ను పేరు పెట్టి పిలుస్తున్నాయి. లోడ్ ఉన్న రోజుల్లో ఇంకో తిప్పలు. మాత్ర వేసుకుని స్టీరింగ్ పట్టుకుంటే రోడ్డు రెండుగా కనిపించేది, వేసుకోకపోతే బుగులు. అలా నెలకు నాలుగైదు మాత్రలు ఎగ్గొట్టేవాణ్ణి, హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్టీ సెంటర్‌లో మాత్రం అన్నీ వేసుకున్నానని చెప్పేవాణ్ణి, లెక్క సరిపోవాలని మిగిలినవి మూసీ కాలువలో పారేసేవాణ్ణి. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

2021లో మందు మార్చారు. ఎఫావిరెంజ్ తీసేసి డోలుటెగ్రావిర్ పెట్టారు, దీన్ని టీఎల్‌డీ అంటారు. చాలా మంచి మందు, వైరస్‌ను తొందరగా అణుస్తుంది, తూలు లేదు. కలలు పోయాయి, వాటితోపాటు నిద్ర కూడా పోయింది. డోలుటెగ్రావిర్ కొందరికి నిద్ర పట్టనివ్వదు, అలాంటివాళ్లు పొద్దున వేసుకుంటే సరిపోతుంది. నేను ఏడేళ్ల అలవాటు కొద్దీ రాత్రే మింగుతూ రెండేళ్లు గడిపాను.

ఆ రెండేళ్లలో నిద్ర కోసం ఏమేం చేశానో రాస్తే అదే ఇంకో రివ్యూ అవుతుంది. ఒకాయన ఫోన్‌లో వాన చప్పుడు పెట్టుకుని పడుకోమన్నాడు. వాన చప్పుడు వింటే పట్నం వాళ్లకు హాయిగా ఉంటుందేమో, మాకు తోటలో పిందె రాలిపోతుందన్న రంది మొదలవుతుంది. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు నిద్ర క్లినిక్‌కు పోతే, నా మాట పూర్తిగా వినకముందే రాత్రంతా వైర్లు పెట్టి చేసే పరీక్షకు రేటు చెప్పారు. గురక బాగా పెట్టేవాళ్లకు, నిద్రలో ఊపిరి ఆగేవాళ్లకు ఆ పరీక్ష అవసరమే, దాన్ని తప్పుపట్టను. నాకు గురకే లేదు, నిద్రే లేనివాడికి గురకెక్కడిది.

ఇక మెడికల్ షాపు. మా దగ్గరి చౌరస్తాలో ఒక షాపులో చీటీ లేకుండానే ఒక స్ట్రిప్ చేతిలో పెట్టాడు, "సగం వేస్కో అన్నా, మంచిగ పడ్తది" అన్నాడు. నిజంగానే మంచిగ పడింది, నెలన్నర. ఆ తర్వాత సగం సరిపోలేదు, ఒకటి, తర్వాత ఒకటిన్నర. వేసుకోని రోజు చేతులు వణికేవి. అది ఆల్ప్రాజోలం, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందు, సర్కారు షెడ్యూల్ హెచ్1 జాబితాలో ఉంటుంది. పదకొండు నెలలు అలా గడిచాయి.

ఇంతలో వైరల్ లోడ్ రిపోర్టు వచ్చింది. నాకు తెలిసిన లోడ్ టన్నుల్లో ఉంటుంది, ఇది రక్తంలో మిల్లీలీటర్‌కు వైరస్ కాపీలు ఇన్నని ఉంటుంది. అంతకుముందు ఏళ్లలో కనిపించనంత తక్కువ అని వచ్చేది, ఈసారి వెయ్యి దాటింది. వెయ్యి దాటితే సెంటర్ వాళ్లు వదలరు, మూడు నెలల పాటు ప్రత్యేకంగా కౌన్సెలింగ్ చేసి మళ్లీ పరీక్ష చేస్తారు, అప్పుడూ ఎక్కువే ఉంటే మందు మార్చే ఆలోచన చేస్తారు. అలా నేను కౌన్సెలర్ మేడం ముందు కూర్చున్నాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. తొమ్మిదేళ్లలో సెంటర్‌లో నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే, "మాత్రలు ఎన్ని మిగిలినయ్?" డబ్బాలో ముప్పై ఉంటాయి, లెక్కపెడతారు, రాసుకుంటారు, బరువు చూస్తారు, దగ్గు ఉందా జ్వరం ఉందా అని టీబీ గురించి అడుగుతారు. నిద్ర పడుతుందా అని మాత్రం ఎవరూ అడగలేదు. వాళ్లకూ తీరిక ఉండదు, బయట అరవై మంది నిలబడి ఉంటారు, నిజమే. ఈ మేడం కొత్తగా వచ్చినావిడ, ఆమె కూడా మాత్రల దగ్గరే మొదలుపెట్టింది గానీ నేను పొడిపొడిగా జవాబులు చెప్తుంటే పెన్ను పక్కన పెట్టి, "అన్నా, రాత్రి నిద్ర పోతున్నవా అసలు?" అంది. నేను ఏడ్చాను. నలభై రెండేళ్ల మనిషిని, రోజూ హమాలీలతో అరిచి గొడవ పడే మనిషిని, ఒక్క ప్రశ్నకు ఏడ్చాను.

ఆమె మూడు పనులు చేసింది. మాత్ర పొద్దున చాయ్ టైముకు మార్చింది. ధాబా తిండికి కడుపు మండి నేను గ్యాస్ సిరప్ తాగుతుంటానని తెలుసుకుని, దానికి రెండు గంటల ముందో ఆరు గంటల తర్వాతో టీఎల్‌డీ వేసుకోవాలని చెప్పింది, లేకపోతే మందు ఒంటికి పట్టదట. మూడోది, ఓపీ చీటీ తీసుకుని మనసు డాక్టర్ దగ్గరికి పొమ్మంది. మొదటి రెండూ ఆ రోజే చేశాను. మూడోదానికి నెల పట్టింది.

ఎందుకంటే మా దగ్గర మనసు డాక్టర్ అంటే ఎర్రగడ్డ. చిన్నప్పటి నుంచి "వీణ్ణి ఎర్రగడ్డకు తోలుండ్రి" అని తిట్టుకుంటూ పెరిగినవాళ్లం. హెచ్ఐవీ లైనులో నిలబడటం అలవాటైంది, మాస్కు పెట్టుకుని టవల్ చుట్టుకుని పోతే నడుస్తుంది, కానీ పిచ్చి డాక్టర్ లైనులో కూడా నిలబడటమంటే రెండు పేర్లు మోయాలి. ఆఖరికి పోయాను, పోయాక తెలిసింది, అక్కడ నా అంత సుఖంగా నిలబడగలిగేవాడు లేడని. ఎవరడిగినా "నిద్ర పడ్తలేదు" అంటే చాలు. అబద్ధం కాదు, మొత్తం నిజమూ కాదు. మా పక్కూరి పెద్దమ్మ ఒకామె లైనులో కనిపించి "ఏం బిడ్డా, నువ్వేంది ఈడ" అంటే అదే చెప్పాను, "నాక్కూడ గంతే బిడ్డా, మీ పెద్దనాయిన పోయినకాన్నుంచి" అని నాకంటే ఎక్కువ చెప్పుకుంది.

ఇప్పుడు సర్వీసు సంగతి. ఓపీ చీటీకి పైసలు లేవు. చీటీలు పొద్దున తొమ్మిదికి మొదలవుతాయి, పదకొండు దాటాక పోతే ఆ రోజు పని కానట్టే. సదరం క్యాంపు ఉన్న రోజు మాత్రం అస్సలు పోకండి, వికలాంగుల సర్టిఫికెట్ల కోసం ఊళ్ల నుంచి జనం ఆటోల్లో దిగుతారు, ఉన్న ఒక్క డాక్టర్ వాళ్లకే సరిపోడు. గదికి తలుపు ఉంది కానీ మూయరు, కర్టెన్ వేస్తారు, ఫ్యాన్ గాలికి అది ఎగురుతుంటుంది. అటెండర్ పేరుతోపాటు ఊరి పేరు కూడా అరుస్తాడు. ఈ రెండింటికీ కలిపి మార్కు కోశాను. చెవులు లేని గోడలు కావాలని అడగడం లేదు, తలుపు దగ్గరికి వేయడానికి ఎంతసేపు.

డాక్టర్ సార్ చిన్న వయసాయన. మొదటిసారి నేను హెచ్ఐవీ సంగతి దాచిపెట్టి నిద్ర గురించే చెప్పాను. ఆయన థైరాయిడ్, షుగర్, చాయ్ ఎన్నిసార్లు, మందు తాగుతావా, గురక ఉందా, అన్నీ అడిగి, "వేరే మందులేమైనా వాడుతున్నవా" అన్నాడు. లేదన్నాను. ఆయన నా వంక చూసి, "కొన్ని మందులకు ఒకదానికొకటి పడదు, మళ్లొచ్చినప్పుడన్నా చెప్పు" అన్నాడు. అంతే, గద్దించలేదు. రెండోసారి ఏఆర్టీ సెంటర్ వాళ్లిచ్చిన పచ్చ పుస్తకం తీసి టేబుల్ మీద పెట్టాను. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు, చేతులకు గ్లౌజులు వేసుకోలేదు, కుర్చీ వెనక్కి జరపలేదు. ఇవి మీకు చిన్న విషయాలనిపిస్తే మీరు అదృష్టవంతులు. ఓపీ చీటీ మీద జబ్బు పేరు రాస్తాడేమోనని నేను చూస్తూ ఉన్నాను, టీఎల్‌డీ అని మాత్రం రాసి ఆపాడు. మన అనుమతి లేకుండా ఆ సంగతి బయటపెట్టకూడదని 2017 హెచ్ఐవీ చట్టంలో ఉంది, 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది. చట్టం ఉన్నంత మాత్రాన అందరూ పాటిస్తారని కాదు, ఈయన పాటించాడు.

ఎందుకు చెప్పాలో ఆయనే వివరించాడు. టీఎల్‌డీ వాడేవాళ్లకు డిప్రెషన్ మందులతో పెద్దగా పేచీ ఉండదట, కానీ ఫిట్స్‌కు, మూడ్ మార్పులకు ఇచ్చే కార్బమజెపిన్ లాంటివి డోలుటెగ్రావిర్‌ను ఒంట్లో తగ్గించేస్తాయి. హెచ్ఐవీకే ఇచ్చే రెండో రకం మందుల్లో రిటోనావిర్ ఉన్నవాళ్లకైతే కథ ఇటు తిరుగుతుంది, కొన్ని నిద్రమాత్రలు రక్తంలో పేరుకుపోయి మత్తు ప్రమాదకరంగా పెరుగుతుంది. అలాంటివాళ్లు మెడికల్ షాపువాడి మాట మీద సగం మాత్ర వేసుకున్నా తక్కువేం కాదు.

తర్వాత ఒక కాగితం తీశాడు, తొమ్మిది ప్రశ్నలు. గడిచిన రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి పోయిందా, దిగులుగా ఉందా, నిద్ర, నీరసం, ఆకలి, ఇలా. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు, మొత్తం ఇరవై ఏడు. ఆయనే చదివాడు, పుస్తకం తెలుగులో కాదు, మన మాటల్లో. తొమ్మిదోది చచ్చిపోతే బాగుండు అనిపించిందా అని. కర్టెన్ అవతల జనం ఉన్నారు. నేను బల్ల మీద వేలితో రెండు అని రాసి చూపించాను. ఆయన గొంతు తగ్గించి, "ఎట్ల అనిపిస్తది, ఎప్పుడు అనిపిస్తది" అని అడిగాడు, చౌటుప్పల్ దాటాక ఎదురుగా వచ్చే లారీ లైట్లు చూసినప్పుడు అని చెప్పాను. ఆ మాట నేను బయటికి అనడం అదే మొదటిసారి. ఆయన బెదరలేదు, దేవుణ్ణి తలుచుకోమనలేదు, పిల్లల మొహం చూసి బతకాలి అనలేదు. రాత్రి బండి మూడు వారాలు ఎవరికి ఇవ్వగలవని అడిగాడు, నా భార్యకు చెప్పడానికి ఒప్పుకుంటావా అని అడిగాడు, ఫోన్ నంబర్ ఒకటి రాసిచ్చాడు. బండి మా బామ్మర్దికి ఇచ్చాను, నడుము నొప్పి అని చెప్పి. నా మార్కులు పద్నాలుగు వచ్చాయి, మధ్యస్థం అన్నాడు, కానీ ఆ తొమ్మిదోది ఉంది కాబట్టి వారానికొకసారి రమ్మన్నాడు.

ఆల్ప్రాజోలం స్ట్రిప్ చూపిస్తే మాత్రం నవ్వాడు. "పాలమూరు దిక్కు కల్తీ కల్లుల కలిపేది ఏందో తెలుసా? ఇదే." మాది నల్లగొండ అయినా మా మేనమామ వాళ్లది దేవరకద్ర దగ్గర, కల్లు దుకాణం బంద్ అయితే మనుషులు వణికి, ఏదేదో మాట్లాడి, ఫిట్స్ వచ్చి పడిపోవడం నేను కళ్లారా చూశాను. అప్పుడు తాగుబోతులని నవ్వుకున్నాను. నేను కల్లు ముట్టకుండా అదే మందు స్ట్రిప్పుల్లో కొనుక్కుంటున్నాను. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వస్తాయని పావు పావు తగ్గించుకుంటూ రమ్మన్నాడు, మూడు నెలలు పట్టింది, మధ్యలో రెండు వారాలు నరకం.

దాని బదులు డిప్రెషన్‌కు ఒక మాత్ర రాశాడు. పేరు చెప్పను, మీరు పోయి షాపులో అడుగుతారు. అది పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని ముందే చెప్పాడు, అదే మేలు, లేకపోతే ఐదో రోజే పారేసేవాణ్ణి. నిద్రకు మాత్ర ఇవ్వలేదు, నోట్‌బుక్ ఇచ్చాడు. ఎన్నింటికి పడుకున్నా, ఎన్నింటికి నిద్ర పట్టింది, ఎన్నిసార్లు లేచా, రోజూ రాయాలి. లేచే టైము ఒక్కటే ఉండాలి, రాత్రి నిద్ర పట్టినా పట్టకపోయినా. మంచం నిద్రకే, ఫోన్‌కు, లెక్కలకు, రందికి కాదు. ఇరవై నిమిషాలు దొర్లినా పట్టకపోతే లేచి బయట కూర్చోవాలి, నిద్ర వచ్చాకే మళ్లీ పోవాలి. మధ్యాహ్నం మూడు తర్వాత చాయ్ బంద్. మామూలుగా మంచం మీద ఉండే గంటలు కూడా బాగా తగ్గిస్తారట, కానీ నేను డ్రైవర్ని కాబట్టి, పగలు తూగితే ప్రమాదమని అది మెల్లగా చేశాడు. ఇదంతా వినడానికి ముసలమ్మ చిట్కాల్లాగా ఉంటుంది. నేనూ అలాగే అనుకున్నాను. మాత్రల కంటే ముందు చేయాల్సిన వైద్యమే ఇదని ఆయన నోట్‌బుక్ పెట్టి నిరూపించాడు: మొదటి వారం సగటున మూడు గంటల నిద్ర, పన్నెండో వారం ఐదున్నర.

ఆయన రాసిచ్చిన నంబర్ 14416, టెలి మానస్. 2022 అక్టోబర్ 10న మనసు బాధల కోసం మొదలైన సర్కారు ఫోన్ సర్వీసు, ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. మళ్లీ బండి ఎక్కాక ఒక రాత్రి రెండింటికి ధాబా వెనక నిలబడి చేశాను. అవతల అమ్మాయి ముందు అడిగింది నా జబ్బు గురించి కాదు, "ఇప్పుడు మీరు ఎక్కడున్నారు, బండి ఆపి ఉందా" అని. బండి ఆపి ఉందని చెప్పి ఇరవై నిమిషాలు మాట్లాడాను. దీనికి ఐదుకు ఐదు, వేరే రివ్యూ అవసరం లేదు.

ఇక కోపాలు. డాక్టర్ ఒక్కడే, లీవు పెడితే గదికి తాళం, ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు చెప్పే దిక్కుండదు. రాసిన మాత్ర ఫార్మసీలో మూడుసార్లకు ఒకసారి ఉండదు, బయట కొనాలి. అన్నిటికంటే పెద్దది, ఏఆర్టీ సెంటర్ ఒక బిల్డింగ్, ఈ ఓపీ ఇంకో బిల్డింగ్, మధ్యలో నూట యాభై అడుగులు కూడా లేవు, ఒకరి సంగతి ఒకరికి తెలియదు. నాకు రెండు రోజుల కిరాయి పోతుంది. హెచ్ఐవీ ఉన్నవాళ్లకు డిప్రెషన్, నిద్ర సమస్యలు మామూలు జనం కంటే ఎక్కువని అందరికీ తెలుసు, దిగులుంటే మాత్ర ఎగ్గొడతారనీ తెలుసు, ఎగ్గొడితే లోడ్ పెరుగుతుందనీ తెలుసు, మరి మాత్రలు లెక్కపెట్టే బల్ల దగ్గరే "నిద్ర పడుతుందా" అని ఒక్క ముక్క అడగడానికి ఏం అడ్డం? నా లోడ్ వెయ్యి దాటకపోయి ఉంటే నన్ను ఎవరూ అడిగేవాళ్లు కాదు.

మూడు నెలల తర్వాత పరీక్షలో లోడ్ మళ్లీ కనిపించకుండా పోయింది. నిద్ర పూర్తిగా బాగైందని చెప్పను. సీజన్‌లో ఇప్పటికీ వారానికి రెండు రాత్రులు అరుగు మీద కూర్చుంటాను. నా భార్య లేచి వచ్చి ఏం మాట్లాడకుండా పక్కన కూర్చుంటుంది, దోమలు కుడుతున్నాయని లోపలికి పోతుంది.

పోయిన నెల ఓపీ లైనులో ఉంటే వెనక నుంచి ఒకాయన నన్ను ఎగాదిగా చూశాడు. ఏఆర్టీ సెంటర్‌లో మేమిద్దరం ఎన్నోసార్లు పక్కపక్కనే కూర్చున్నాం, ఎప్పుడూ మాట్లాడుకోలేదు, అక్కడ ఎవరూ మాట్లాడుకోరు. దగ్గరికొచ్చి మెల్లగా "ఈడెందుకన్నా" అన్నాడు. నిద్ర పడ్తలేదు అన్నాను. ఆయన చాలాసేపు ఏం అనలేదు. తర్వాత "చీటీ ఏడిస్తరే" అని అడిగాడు. మెయిన్ గేటు పక్క కౌంటర్ అని, ఇయాల టైమ్ అయిపోయిందని, రేపు సదరం ఉంది కాబట్టి ఎల్లుండి తొమ్మిదికి ముందే రమ్మని, పచ్చ పుస్తకం సంచిలో అడుగున పెట్టుకుని తెచ్చుకొమ్మని చెప్పాను.